చివరి గుండీ పిల్లవాడే పెట్టుకోవాలి

'తేరుకోవడం' అనే మాట మనకు కొత్తది కాదు. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో బిందెలో చిల్లగింజ అరగదీసి కదపకుండా ఉంచితే, కొంతసేపటికి మట్టి అడుగుకు దిగి నీళ్లు తేరుకునేవి. జ్వరం తగ్గి మనిషి లేచి కూర్చుంటే 'తేరుకున్నాడు' అంటాము. కష్టం తగిలిన తరువాత మళ్లీ నిలదొక్కుకోగల స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రం కొన్ని దశాబ్దాలుగా ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నది. దానికి 'స్థితిస్థాపకత' అనే అనువాదం అక్కడక్కడ కనిపిస్తుంది. అది రబ్బరుకూ స్ప్రింగుకూ చెప్పే మాట. రబ్బరును లాగి వదిలితే పూర్వపు ఆకారానికే వస్తుంది. దెబ్బతిని లేచిన పిల్లవాడు పూర్వపు పిల్లవాడుగా ఉండడు, ఏదో ఒకటి నేర్చుకునే లేస్తాడు. అందుచేత ఈ వ్యాసంలో 'తేరుకునే శక్తి' అనే మాటనే వాడుతాను.

వృత్తిరీత్యా నేను పిల్లల వైద్యుడిని. పదవీ విరమణకు ముందు చాలా ఏళ్లు, ఆ తరువాత కూడా కొంతకాలం, కోస్తాలోని ఒక చిన్న ప్రత్యేక పాఠశాలకు ప్రతి శనివారం వెళ్లి పిల్లలను చూసేవాడిని. బరువు, ఎత్తు, మూర్ఛ మందుల మోతాదు, గజ్జి, చెవిపోటు, ఇవీ నాకు అప్పగించిన పనులు. అవి ఒక గంటలో అయిపోయేవి. మిగిలిన సమయం తరగతి గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడిని. అక్కడ ఉపాధ్యాయినులు చేసే పని నేను వైద్య కళాశాలలో ఏ పుస్తకంలోనూ చదవనిది. ఇటువంటి పిల్లలున్న తల్లిదండ్రులకు అది పనికివస్తుందన్న ఆశతో ఇది రాస్తున్నాను.

ముందుగా పదాల విషయంలో కొంత స్పష్టత అవసరం. తెలివితేటలు మామూలుగానే ఉండి, చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటివాటిలో ఏదో ఒకటి వయసుకు తగినట్లు పట్టుబడకపోతే దానిని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు. డిస్లెక్సియా అందులో ఎక్కువమంది విన్న పేరు. ఇది ఈనాటి ఫ్యాషన్ జబ్బు అనుకునేవారు ఉన్నారు గనుక చెబుతున్నాను: 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు, చురుకైన 14 ఏళ్ల బాలుడొకడు మాటలు చదవలేకపోవడాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వర్ణించాడు. ఇక ఆలోచననూ రోజువారీ పనులనూ కూడా తాకేది మేధో వైకల్యం. పూర్వం బుద్ధిమాంద్యం అనేవారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ రెండింటినీ వేరువేరుగా గుర్తించింది. నేను వెళ్లిన బడిలో రెండవ రకం పిల్లలే ఎక్కువ. ఆటిజం ఉన్నవారు, సాధారణ బడిలో నెగ్గలేక వచ్చిన మొదటి రకం పిల్లలు కూడా ఉండేవారు. వైకల్యాలు వేరైనా, వారిలో నాకు కనిపించిన గాయం మాత్రం ఒక్కటే.

ఆ గాయం ఎలా ఏర్పడుతుందో చూడండి. 'మ'కూ 'య'కూ, 'ప'కూ 'వ'కూ, 'బ'కూ 'భ'కూ మధ్య తేడా ఎంత? ఒక వంపు, ఒక చిన్న గీత. దానిపైన గుణింతాలు, వత్తులు. తోటివారు దాటిపోయిన మెట్టు దగ్గర ఈ పిల్లవాడు ఏళ్ల తరబడి ఆగిపోతాడు. బడిలో రోజుకు ఆరు పీరియడ్లు, ఒక్కో పీరియడ్‌లో ఒక్కసారి మాత్రమే వాడి తప్పు బయటపడిందనుకుందాం. ఏడాదికి 200 పనిదినాలు. అంటే ఏడాదికి 1,200 సార్లు నలుగురి ఎదుటా 'తప్పు' అనిపించుకోవాలి. మూడవ తరగతి పూర్తయ్యేసరికి 3,600 సార్లు. అన్నిసార్లు తలవంపులు తెచ్చే ఉద్యోగానికి పెద్దవాళ్లం మనమైతే వారం తిరక్కుండానే రాజీనామా ఇస్తాము. పిల్లవాడికి ఆ సౌకర్యం లేదు.

అందుకని వాడు తనకు చేతనైన రాజీనామా ఇస్తాడు. పెన్సిల్ ముక్కు మాటిమాటికీ విరిగిపోతుంది. పాఠం మొదలుకాగానే మూత్రానికి వెళ్లాలంటాడు. కాగితం చింపుతాడు, పక్కవాడిని గిల్లుతాడు, లేదా అందరినీ నవ్విస్తాడు. చదవలేనివాడు అనిపించుకోవడంకంటె అల్లరివాడు అనిపించుకోవడం కొంత గౌరవం కదా! నా క్లినిక్‌కు సోమవారం ఉదయం కడుపునొప్పితో వచ్చి, పరీక్షలన్నీ సవ్యంగా ఉండి, మధ్యాహ్నానికి తగ్గిపోయే పిల్లల సంగతి నేను తల్లులను అడిగేది ఒక్కటే: 'బడిలో వీడికి ఏ పీరియడ్ ఇష్టం లేదమ్మా?'

1967లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మార్టిన్ సెలిగ్మన్, తన సహచరుడు స్టీవెన్ మేయర్‌తో కలిసి కుక్కలపై చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. తప్పించుకునే వీలులేని విద్యుత్ షాకులకు గురైన కుక్కలు, తరువాత దారి తెరిచి ఉంచినా కదలక అక్కడే పడి ఉన్నాయి. దానికి వారు 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, మెదడు గురించి తెలిసిన కొత్త విషయాల ఆధారంగా ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తలకిందులు చేశారు. ఎడతెగని బాధ ఎదురైనప్పుడు చతికిలబడడం ఎవరూ నేర్పనక్కరలేదు, అది జీవికి సహజంగానే వస్తుంది. నేర్చుకోవలసింది 'ఇది నా చేతిలో ఉంది' అన్న ఎరుకనే. ఆ మాట చదివినప్పుడు నాకు మా ప్రత్యేక పాఠశాలలోని చొక్కా గుండీల పాఠం జ్ఞాపకం వచ్చింది.

చొక్కా తొడుక్కోవడం మనకు ఒక పని. అక్కడ దానిని పది పన్నెండు చిన్న పనులుగా విడగొట్టేవారు. చొక్కా ముందువైపు గుర్తించడం, ఒక చేయి దూర్చడం, వెనకనుంచి లాగి రెండవ చేయి దూర్చడం, అంచులు సరిచూడడం, తరువాత ఒక్కొక్క గుండీ. మొదటి నుంచి మొదలుపెడితే ఏమవుతుంది? పిల్లవాడు ఒకటి రెండు మెట్లు ఎక్కి, అలసిపోయి, విసుగు పుట్టి వదిలేస్తాడు. మిగిలినది పెద్దవాళ్లు పూర్తి చేస్తారు. ప్రతిరోజూ వాడికి మిగిలేది సగంలో ఆగిన పని. అందుచేత వాళ్లు చివరి నుంచి నేర్పేవారు. మేడమ్ చొక్కా అంతా తొడిగి, గుండీలన్నీ పెట్టి, ఆఖరి గుండీని సగం కాజాలోకి దూర్చి ఆగేది. పిల్లవాడు చేయవలసింది దానిని ఇవతలికి లాగడమే. లాగగానే పని పూర్తయింది. పూర్తి చేసినవాడు వాడు. అది కుదిరాక ఆఖరి గుండీ మొత్తం వాడిది. తరువాత ఆఖరి రెండు. ఇలా వెనక్కు వెనక్కు వెళ్లి, కొన్ని నెలలకు చొక్కా మొత్తం వాడి చేతికి వచ్చేది.

ఇది వినడానికి చిన్న కిటుకులాగా ఉంటుంది. దీనిలో ఉన్న గొప్పతనం నాకు కొంచెం ఆలస్యంగా అర్థమయింది. వేల ఓటములు మూటగట్టుకుని వచ్చిన పిల్లవాడికి రోజుకొక్క గెలుపు దొరుకుతున్నది. అది ఉత్త పొగడ్తతో ఇచ్చినది కాదు, వాడి వేళ్లతో వాడు సంపాదించుకున్నది. కూడిక లెక్క అయినా ఇదే పద్ధతి, అన్నం కంచం కడగడమైనా ఇదే పద్ధతి.

రెండవ విద్య ఊరుకోవడం. పిల్లవాడు తడబడగానే మన చేయి ముందుకు వెళుతుంది, నోరు జవాబు అందిస్తుంది. ఆ బడిలో కొత్తగా చేరిన ఉపాధ్యాయినికి మొదట నేర్పేది మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోవడం. కొందరు పిల్లల మెదడు మాటను అందుకుని, అర్థం చేసుకుని, కండరాలకు కబురు పంపడానికి మనకంటె ఎక్కువ సమయం పడుతుంది. మూడవ క్షణంలోనే మనం మళ్లీ అదే మాట అంటే, మొదటి కబురు చెరిగిపోయి పని మొదటికి వస్తుంది. పది అంకెలు అయ్యాక కూడా కదలకపోతే చూపుతో సూచన. దానికీ కాకపోతే వేలితో. ఆ తరువాతే మాట. అన్నిటికంటె చివర చేయి పట్టి చేయించడం. పక్కన కూర్చుని చూసేవారికి ఆ పది అంకెలు చాలా పొడుగు. నమ్మకపోతే ఈ సాయంత్రం మీ ఇంట్లో ప్రయత్నించి చూడండి.

మూడవది, నాకు అన్నిటికంటె నచ్చినది, తప్పుతో స్నేహం చేయించడం. మేడమ్ నల్లబల్ల మీద కావాలనే ఒక అక్షరం తప్పు రాసేది. 'అయ్యో, తప్పు పోయింది. చెరిపేసి మళ్లీ రాస్తాను' అని పైకి అని, తాపీగా దిద్దుకునేది. పెద్దవాళ్లు తప్పు చేస్తారని, చేసినా ఎవరూ వీపు మీద కొట్టరని, చెరిపే గుడ్డ ఒకటి ఉంటుందని కొంతమంది పిల్లలు జీవితంలో మొదటిసారి చూడడం అక్కడే.

పన్నెండేళ్ల బాబు ఒకడికి వీధి చివర కిరాణా దుకాణానికి వెళ్లి, 20 రూపాయల నోటు ఇచ్చి, బిస్కట్ పొట్లం తేవడం రెండు నెలలపాటు నేర్పారు. ఒక శనివారం నేను ఉండగానే వాడు వెళ్లాడు. దుకాణం మూసి ఉంది. వాడు అక్కడే నేల మీద కూలబడి, చెవులు మూసుకుని, అరవడం మొదలుపెట్టాడు. దూరం నుంచి కనిపెట్టుకుని ఉన్న ఆయమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. 'ఏడవకు' అనలేదు, బిస్కట్ కొనిపెడతాననీ అనలేదు. ఊపిరి నెమ్మదించేదాకా వీపు మీద చేయి వేసి ఉంచింది. ఆ తరువాతి వారం నుంచి పాఠంలో ఒక కొత్త బొమ్మ చీటీ చేరింది: మూసిన తలుపు, దాని పక్కన ఇంకొక దుకాణం. తరగతిలో నాటకం ఆడించారు. దుకాణం మూస్తే ఏం చేస్తావు? బిస్కట్ లేదంటే ఏం చేస్తావు? చిల్లర ఇవ్వకపోతే ఏమంటావు? అంటే ఆ పిల్లవాడికి దుకాణానికి వెళ్లడంతోపాటు, అనుకున్నది జరగకపోవడం కూడా ఒక పాఠంగా నేర్పారన్నమాట. మూడు నెలలకు వాడు బిస్కట్‌కు బదులు వేరుశనగ పట్టి పట్టుకుని వచ్చి, 'అది లేదు, ఇది తెచ్చా' అన్నాడు. వాడు ఒకేసారి పలికిన అంత పొడుగు వాక్యం అంతకుముందు నేను వినలేదు.

మెచ్చుకోవడం గురించి కూడా ఒక మాట. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనాలలో, 'నువ్వు తెలివైనవాడివి' అని మెప్పు పొందిన అయిదవ తరగతి పిల్లలు ఒక కష్టమైన ఓటమి తరువాత వెనుకబడ్డారు. శ్రమకు మెప్పు పొందినవారు పట్టు వదలలేదు. మన పిల్లలకు 'శభాష్, బంగారం' అనే మాటలు ఊరికే పంచిపెట్టినా అంత ఉపయోగం లేదు. వాళ్లు వెంటనే కనిపెడతారు. 'నిన్న రెండో గుండీ దగ్గర ఆగిపోయావు, ఈరోజు మళ్లీ ప్రయత్నించావు' అంటే అది వాడు చేసిన పనికి సాక్ష్యం.

కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఫ్రాస్టిగ్ సెంటర్ అని అభ్యసన వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే సంస్థ ఉంది. అక్కడ చదివి వెళ్లినవారిని 20 ఏళ్ల తరువాత వెతికి పట్టుకుని, ఎవరు జీవితంలో నిలదొక్కుకున్నారో, ఎందుచేతనో పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించారు. తన వైకల్యాన్ని తాను ఎరిగి ఉండడం, చొరవ, పట్టుదల, అందుకోగల లక్ష్యం, ఆసరాను వాడుకోవడం, ఉద్వేగాలను నిభాయించుకోవడం, ఈ ఆరు గుణాలు తెలివి పరీక్షల అంకెలకంటె, చదువులోని మార్కులకంటె మెరుగుగా వారి భవిష్యత్తును సూచించాయి. ఈ ఆరింటిలో మన ఇళ్లలో పూర్తిగా విస్మరించేది మొదటిది. పిల్లవాడికి తన వైకల్యం పేరు చెప్పము. బంధువులకు అసలే చెప్పము. 'వాడి ఎదుట అనకండి డాక్టరుగారూ' అని కళ్లతో సైగ చేసిన తండ్రులు ఎందరో. వాళ్ల బాధ నాకు తెలుసు. కాని మనం పేరు చెప్పకపోతే, తోటి పిల్లలు చెప్పిన పేరే వాడికి మిగులుతుంది. ఆ పేర్లేమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. 'నీకు అక్షరాలు మెదడులో కుదురుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. దానికి డిస్లెక్సియా అని పేరు. అది నీ తప్పు కాదు, సోమరితనం కాదు. నువ్వు చెవితో బాగా నేర్చుకుంటావు' అని ఎనిమిది, తొమ్మిది ఏళ్ల పిల్లవాడికి నిదానంగా చెప్పవచ్చు. విన్న పిల్లల ముఖాలలో నేను ఎక్కువగా చూసినది దుఃఖం కాదు, ఊరట.

హవాయి దీవులలోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల అనారోగ్యం చుట్టుముట్టిన పిల్లలలో కూడా మూడింట ఒక వంతు మంది సమర్థులైన పెద్దవాళ్లుగా ఎదిగారు. అటువంటివారికి తమను ఉన్నది ఉన్నట్లు స్వీకరించిన పెద్దవారు కనీసం ఒకరు దొరికారు. ఆ ఒకరు అమ్మో నాన్నో కావాలని లేదు. అమ్మమ్మ కావచ్చు, పొరుగింటివారు కావచ్చు. మా బడిలో చాలామందికి ఆ ఒకరు ఆ ఆయమ్మే.

ఇంతవరకు చెప్పినదానిని అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది. 'తట్టుకోవడం నేర్చుకోవాలి' అని పిల్లవాడి మీద భారం వేసి, కొట్టే మాస్టారిని, ఎగతాళి చేసే తరగతిని వదిలేయడం తేరుకునే శక్తిని పెంచడం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధృవీకరించబడి, రాయడానికి ఇబ్బంది ఉన్న విద్యార్థికి పరీక్షలలో రాసిపెట్టే సహాయకుడిని, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని కోరే వీలుంది. దానిని అడగడానికి మొగమాటపడేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం. కళ్లజోడు పెట్టుకుని పరీక్ష రాసినవాడిని మోసగాడని ఎవరైనా అన్నారా?

ఇంకొకటి మరీ ముఖ్యమైనది. మన ప్రత్యేక పాఠశాలల్లో, ఇళ్లలో కూడా, చెప్పిన మాట వినే పిల్లలను మెచ్చుకుంటాము. కాని ఎవరు ఏం చెప్పినా వినే పిల్లవాడు, పిల్ల, ప్రమాదంలో ఉన్నట్లే. వైకల్యం ఉన్న పిల్లలు లైంగిక వేధింపులకు గురయ్యే అవకాశం తోటివారికంటె ఎక్కువ. వారు చెప్పలేరన్న ధైర్యమే దుర్మార్గుడికి ఆయుధం. 'వద్దు' అనడం, చేయి విదిలించుకోవడం, నమ్మకమైన పెద్దవారికి చూపించి చెప్పడం, ఇవి గుండీలకంటె ముందు నేర్పవలసినవి. మాట రాని పిల్లలకు బొమ్మల చీటీలతో నేర్పవచ్చు. ఇంట్లో మీ పిల్లవాడు 'నాకు ముద్దు వద్దు' అని మేనత్తకు ఎదురు చెబితే దయచేసి గదమకండి. వాడు అభ్యాసం చేస్తున్నాడు.

ఈ మాటలన్నీ విని ఒక తల్లి నాతో అన్నది: 'మీరు చెప్పడం బాగానే ఉందండీ. ఏడుంబావుకు ఆటో వచ్చేస్తుంది. వాడు గుండీలు పెట్టుకునేదాకా కూర్చుంటే ఇక బడికి వెళ్లినట్టే!' ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. హడావిడిలో ఓర్పు పుట్టదు. ఉదయం మీరే తొడగండి. సాయంత్రం బడినుంచి వచ్చాక, తొందర లేనప్పుడు, విప్పడంతో మొదలుపెట్టండి. గుండీ పెట్టడంకంటె విప్పడం తేలిక. గుండీలు కాస్త పెద్దవిగా, కాజాలు వదులుగా కుట్టించండి. రోజుకు ఒక్క పని, పది నిమిషాలు చాలు.

వైద్యుడిని కనుక దీనినీ చెప్పాలి. పట్టుదల లేదని పిల్లవాడిని అనే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తరగతిలో క్షణకాలం శూన్యంలోకి చూస్తూ ఉండిపోతుంటే అది పరధ్యానం కాక మూర్ఛలో ఒక రకం కావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఏటా థైరాయిడ్ పరీక్ష అవసరం. రక్తహీనత, మలబద్ధకం, రాత్రి గురకతో చెడిన నిద్ర, ఇవి ఏవైనా సరే పిల్లవాడి ఓపికను హరిస్తాయి. ఇక జ్ఞాపకశక్తి పెంచుతామనే టానిక్కుల సంగతి: ఈ పిల్లలకు అవి మేలు చేస్తాయనడానికి ఆధారం లేదు. ఆ డబ్బుతో పెద్ద గుండీల చొక్కాలు కుట్టించవచ్చు.

'మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?' అన్న ప్రశ్న అడగని తల్లిదండ్రులను నేను చూడలేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద, 18 ఏళ్లు నిండిన తరువాత సొంతంగా నిర్ణయాలు తీసుకోలేనివారికి చట్టబద్ధమైన సంరక్షకులను జిల్లా కలెక్టరు నేతృత్వంలోని స్థానిక కమిటీ నియమిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. అదే ట్రస్టు నిర్వహించే 'నిరామయ' ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. ఈ కాగితాలన్నీ సిద్ధం చేసుకోవలసిందే. వాటితోపాటు ఇంకొక కాగితం రాసి పెట్టుకోమని నేను ఆ తల్లిదండ్రులను కోరేవాడిని: వాడు తనంతట తాను ఏమేమి చేసుకోగలడు, ఏది తోడుంటే చేయగలడు, కోపం వస్తే ఎలా నెమ్మదిస్తాడు, 'వద్దు' అని ఎలా చెబుతాడు. రేపు వాడి పక్కన నిలబడేవారు, అన్నగారైనా, వదినగారైనా, ఏ వసతి గృహం వార్డెన్ అయినా, వాడు చేసుకోగల పనిని తెలియక తమ చేతుల్లోకి లాక్కోకుండా ఉండాలి కదా. మా దుకాణం బాబు తల్లి రాసిన కాగితంలో ఎనిమిదవ వరుస నాకు ఇప్పటికీ గుర్తుంది: 'అడిగిన వస్తువు లేకపోతే ఇంకొకటి తెస్తాడు. ఏం తెచ్చినా చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు. కాస్త ఆగాలి.'